ప్రతిభ గల పిల్లల పోర్ట్‌ఫోలియో – 3వ పాఠం: ఏ కాగితం ఉంచాలి, ఏది తీసేయాలి

గత పాఠంలో పిల్లల కాగితాలన్నీ ఒక పెట్టెలో చేర్చి, వెనుక తేదీలు వేశాం. ఇప్పుడు వాటిలోంచి ఎంచుకోవాలి. నా దృష్టిలో మొత్తం పనిలో కష్టమైనది ఇదే.

మనం ఉదాహరణగా తీసుకున్నది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ప్రాంతం. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ప్రతిభ గల పిల్లల కోసం ఏఏపీ (అడ్వాన్స్‌డ్ అకడమిక్ ప్రోగ్రామ్స్) అనే కార్యక్రమం నాలుగు స్థాయిల్లో నడుస్తుంది. నాలుగో స్థాయిలో చేరిన పిల్లలకు మూడో తరగతి నుంచి ముఖ్యమైన పాఠాలన్నీ లోతుగా, వేగంగా సాగుతాయి. ఒకటో తరగతిలో ఎన్‌నాట్, రెండో తరగతిలో కోగాట్ అనే ఆలోచనా సామర్థ్య పరీక్షలు ఉంటాయి. ఆ మార్కులతో పాటు, పిల్లల తీరు గమనించి బడిలో ఉపాధ్యాయులు నింపే హోప్ రేటింగ్, పిల్లల పని నమూనాలు ఒకే ఫైలులో నాలుగో స్థాయికి ఎంపిక చేసే కమిటీకి వెళ్తాయి.

ఆ కమిటీ మీ పాపతో మాట్లాడదు. ఎన్‌నాట్ పూర్తిగా ఆకారాల పరీక్ష. కోగాట్‌లో మాటలు, అంకెలు, ఆకారాలు మూడూ ఉన్నా, అక్కడ పిల్లలు జవాబును గుర్తించడమే తప్ప ఆ జవాబు ఎలా తట్టిందో చెప్పే చోటు లేదు. ఆ చోటు పని నమూనాది. అందుకే సర్టిఫికెట్లు, పతకాల ఫొటోలు, నూటికి నూరు వచ్చిన వర్క్‌షీట్లు ముందే పక్కన పెట్టేయండి. వాటిలో ఫలితం కనిపిస్తుంది, ఆలోచన కనిపించదు.

ఆలోచన కనిపించే కాగితం ఎలా ఉంటుందో చూద్దాం. రెండో తరగతి పాప ఒకరోజు, “సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14, 15 తేదీల్లోనే వస్తుంది కదా, దీపావళి ఎందుకు మారుతుంది?” అని అడిగిందనుకుందాం. పాత క్యాలెండర్లు తీసి తనే రాసుకుంది: 2022లో అక్టోబర్ 24, 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20. పక్కనే తేడాలు లెక్కవేసింది. పండుగ రెండుసార్లు 12, 11 రోజులు వెనక్కి వచ్చింది, ఒకసారి మాత్రం 19 రోజులు ముందుకు దూకింది. కింద వంకర అక్షరాలతో, “2023లో ఎవరో ఒక నెల ఎక్కువ పెట్టారేమో” అని రాసింది. నిజంగానే ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. ఆ సంగతి పాపకు తెలియదు, లెక్క నుంచి ఊహించింది. పెట్టెలో ఇలాంటి కాగితం ఒక్కటున్నా చాలు, దాన్ని అన్నిటికంటే ముందు ఉంచుతాను. కొట్టివేతలున్నా, స్పెల్లింగు తప్పులున్నా దిద్దవద్దు, మళ్లీ అందంగా రాయించవద్దు. పెద్దల చెయ్యి పడిన కాగితాన్ని రోజూ పిల్లల రాతలు చూసే ఉపాధ్యాయులు ఇట్టే పట్టేస్తారు. అంతకన్నా ముఖ్యంగా, తన ఆలోచన ఉన్నదున్నట్టుగా సరిపోదని పాపకు మనమే నేర్పినవాళ్లమవుతాం.

కాగితం తెలుగులో ఉంటే తీసేయనక్కర్లేదు. అసలు ప్రతినే ఉంచి, పక్కన చిన్న అక్షరాలతో ఇంగ్లీషు అర్థం మీరు రాసినట్టు తెలిపి జోడించండి.

ఇక ప్రతి నమూనాకూ చిన్న వివరణ రాయాలి. “మా పాప చాలా తెలివైనది, లెక్కలంటే ప్రాణం” అని రాస్తే చదివేవారికి కొత్తగా ఏమీ తెలియదు. ఇలా రాయండి: “పండుగ తేదీలు ఎందుకు మారతాయని తనే అడిగింది. క్యాలెండర్లు మేం ఇచ్చాం. తేదీల మధ్య తేడా తీయాలన్న ఆలోచన, అదనపు నెల ఊహ తనవి.” ప్రశ్న ఎక్కడ పుట్టింది, పెద్దల సాయం ఎంత, పిల్లల సొంతం ఏది – ఈ మూడూ చాలు. సాయాన్ని దాచవద్దు. దాన్ని చెప్పినప్పుడే మిగతాది పిల్లలదని నమ్మకం కుదురుతుంది.

పేజీల పరిమితి, గడువు తేదీ ఆ విద్యా సంవత్సరపు ఫారంలోనే చూసుకోండి, పాత వాట్సాప్ సందేశాలను నమ్మవద్దు.

అభ్యాసం: పెట్టెలోంచి ఐదు కాగితాలు తీసి, ఒక్కోదాని గురించి “ఇది ఎలా చేశావమ్మా?” అని పాపను అడగండి. తను చెప్పిన మాటలు మార్చకుండా రాసుకోండి. చెప్పడానికి ఏమీ లేని కాగితం పెట్టెలోకి తిరిగి వెళ్తుంది. మిగిలినవాటితో, రాసుకున్న ఆ మాటలతో నాలుగో పాఠంలో తల్లిదండ్రుల ఫారం నింపుదాం.