నొప్పి నాడుల భాష – 4వ పాఠం: ఏటీపీ గీతను చదవడం

దెబ్బ తగిలి కణం చిట్లితే లోపలి ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) బయటికి కారుతుందని పోయిన పాఠంలో చూశాం. మన భీమవరం యెల్లాప్రగడ సుబ్బారావు, జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో పట్టుకున్న ఏటీపీయే ఇది. అది నాడుల మధ్య కబురు కూడా మోస్తుందని 1972లో నాడీ శాస్త్రవేత్త జెఫ్రీ బర్న్‌స్టాక్ అంటే నమ్మినవాళ్లు తక్కువ. ఆయన పుట్టిందీ 1929లోనే!

నొప్పి నాడి మీద ఆ కబురు అందుకునేది పీ2ఎక్స్3 అనే గ్రాహకం. మూడు ప్రోటీన్ ముక్కలు కలిసి ఒక ద్వారం అవుతాయి. ఏటీపీ అంటుకోగానే అది తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం లోపలికి దూకుతాయి.

ఇక పెన్సిల్ తీయండి. అడ్డంగా సమయం, నిలువుగా కరెంటు. ప్యాచ్ క్లాంప్ (సన్నటి గాజు గొట్టాన్ని కణానికి అతికించి కరెంటు కొలిచే పద్ధతి) గ్రాఫుల్లో లోపలికి వచ్చే కరెంటును కిందికి గీస్తారు. అందరూ తడబడేది ఇక్కడే: గీత కింద పడిందంటే కణం నీరసించిందని కాదు, ద్వారం తెరుచుకుందని.

పైన రెండు సెకన్ల పొడవు గీత గీసి ‘ఏటీపీ’ అని రాయండి. దాని కింద మొదటి బొమ్మ: నిట్టనిలువుగా పడి, ఏటీపీ ఇంకా ఉండగానే పైకి వచ్చేసే సన్నటి ముల్లు. మూడు ముక్కలూ పీ2ఎక్స్3 అయితే ఇలా వస్తుంది. తెరిచిన ద్వారం వెంటనే మొద్దుబారిపోతుంది, అంటే ఏటీపీ ఉన్నా కరెంటును ఆపేస్తుంది. రెండో బొమ్మ: పడ్డ గీత ఏటీపీ ఉన్నంతసేపూ కిందే ఉంటుంది, తీసేశాకే లేస్తుంది. పీ2ఎక్స్3తో పాటు దాని చుట్టమైన పీ2ఎక్స్2 ముక్క కూడా కలిసిన ద్వారం ఇది.

ముప్పై సెకన్ల తర్వాత మళ్లీ ఏటీపీ ఇస్తే మొదటి రకం దాదాపు పలకదు. తేరుకోవడానికి నిమిషాలు పడుతుంది. మొదట్లో నేను కణం చచ్చిందనుకుని కణాలున్న కొత్త డిష్ తీసుకునేవాణ్ని. ఒక మధ్యాహ్నమంతా అలాగే పోయింది. ఓపిక పట్టి ఐదు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది.

అభ్యాసం: గీత చటుక్కున పడింది, పావు సెకనులో సగం దాకా లేచింది, ఏటీపీ తీసేదాకా అక్కడే నిలిచింది. ఈ కణంలో ఏ ద్వారాలున్నాయి? ముప్పై సెకన్లకు రెండోసారి ఏటీపీ ఇస్తే ఏ భాగం కనబడదో కూడా గీసి ఉంచుకోండి. జవాబు 5వ పాఠంలో.