చలికాలంలో బాబు పాలు తాగుతూనే నిద్రపోతుంటే: నా అనుభవం

మాది ఆదిలాబాద్. డిసెంబరులో మొదటి కాన్పు. బాబు రాత్రుళ్లు పాలు పట్టిన రెండు నిమిషాలకే నిద్రపోయేవాడు, అరగంటకి ఆకలితో లేచి ఏడ్చేవాడు. అరికాళ్లు నిమరడం, రూమ్ హీటర్, ఇంకో స్వెట్టర్... ఏదీ పనిచేయలేదు.

చేతులు చల్లగా ఉన్నాయని బట్టలు పెంచుతూ పోయాను. పొరపాటు అక్కడే. పసిపిల్లల చేతులు, కాళ్లు మామూలుగానే కాస్త చల్లగా ఉంటాయి, మెడ వెనక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడమని ఇంటికొచ్చిన ఏఎన్ఎం అక్క చెప్పింది. చూస్తే మెడంతా చెమట! ఆ వెచ్చదనానికే మత్తుగా పడుకుంటున్నాడు.

ఆ రాత్రి మొదట తలుపు మూసి తడి లంగోటీ మార్చాను. తర్వాత టోపీ, స్వెట్టర్ తీసి, జుబ్బా ముడి విప్పి, వాడి ఒంటిని నా ఒంటికి ఆనించుకున్నాను. ఇద్దరి మీదా కలిపి శాలువా, వాడి ముఖం మాత్రం బయటికి. పావుగంట ఆగకుండా తాగాడు, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. తేన్పు వచ్చాక రెండో వైపు పట్టి, జుబ్బా ముడేసి, ఒక్క స్వెట్టర్ తొడిగి పడుకోబెట్టాను. నిద్రలో టోపీ వేయలేదు.

దీనికి ముందువైపు ముడి ఉన్న జుబ్బాలే కావాలి. తల మీంచి తొడిగేవి కొని డబ్బు దండగ చేసుకోకండి. చలికి బట్టలు త్వరగా ఆరవు కాబట్టి పాత నూలు చీరతో 20 లంగోటీలు కుట్టించాం, అవీ సరిగ్గా సరిపోయాయి.

మా వాడు నెలలు నిండి, 2.9 కిలోలతో పుట్టాడు. అందరికీ ఇదే కారణం కాకపోవచ్చు. బరువు తక్కువున్నా, పొట్ట చల్లగా తగిలినా, లేపినా పాలు తాగకపోయినా ఇవేవీ ప్రయత్నించకుండా వెంటనే డాక్టరుకి చూపించండి.