ఫ్లోరెన్స్ ప్రైస్‌తో మొదలుపెట్టండి

నల్లజాతి స్వరకర్తల క్లాసికల్ సంగీతం వినాలనుకుంటే ముందే పెద్ద జాబితా రాసుకోకండి. నేను అలాగే రాసుకుని వారం తిరక్కుండా వదిలేశాను.

మొదట అమెరికా స్వరకర్త ఫ్లోరెన్స్ ప్రైస్ ఒక్కరు చాలు. ఆమె మొదటి సింఫనీని (వాద్యబృందం కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన) 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ముందు మూడో భాగం పెట్టండి. దాని పేరు జూబా. బానిసత్వంలో మగ్గినవాళ్లు చేతులతో తొడలు, ఛాతీ చరుచుకుంటూ చేసిన నృత్యం అది. మొదటిసారి కాలితో తాళం వేస్తూ వినండి, చాలు. రెండోసారి వయొలిన్ల మీద చెవి పెట్టండి. తర్వాత రెండో భాగం: ఇత్తడి వాద్యాలు చర్చి పాటలా నెమ్మదిగా సాగుతాయి. నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆమె రాతప్రతులు 2009లో ఇల్లినాయిలోని ఓ పాడుబడ్డ ఇంట్లో దొరికాయి. రెండు వయొలిన్ కాన్చెర్టోలు (ఒక్క వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు) కూడా వాటిలోనే! వర్షానికి తడిసిపోయి ఉంటే?

ఆ తర్వాత విలియం గ్రాంట్ స్టిల్. ఆయన ఆఫ్రో-అమెరికన్ సింఫనీ మూడో భాగంలో బాంజో (గుండ్రటి డప్పులాంటి ఒళ్లున్న తీగవాద్యం) ఎక్కడ మోగుతుందో పట్టుకోండి.

18వ శతాబ్దపు జోసెఫ్ బొలోన్‌ను వెతికేటప్పుడు మాత్రం షెవాలియే ద సాన్-జార్జ్ అనే పేరుతోనూ వెతకండి. ఒక్క పేరుతో వెతికి సగం రికార్డింగులు పోగొట్టుకున్నాను నేను.