బెంగళూరు నుంచి తక్కువ ఖర్చులో స్కీయింగ్

స్కీయింగ్ అనగానే స్విట్జర్లాండ్ ఖర్చు తలచుకుని ఆశ వదులుకోకండి. మారతహళ్లిలో అద్దె కడుతూ నెల జీతం మీద బతికే మాలాంటివాళ్లకూ కశ్మీర్‌లోని గుల్మార్గ్ అందుతుంది.

ముందు హోటల్ కాదు, కోర్సు చూడండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ ఉంది. బస, భోజనం, సామాను, శిక్షణ అన్నీ కలిపి ఒకే ఫీజు ఉండే కోర్సు దొరికితే సగం బరువు దిగినట్టే. జనవరి, ఫిబ్రవరి బ్యాచ్‌లకు మంచు నమ్మకం ఎక్కువ. సీటు ఖాయమయ్యాకే శ్రీనగర్ విమానం టికెట్ తీయండి. అక్కణ్నుంచి తంగ్‌మార్గ్ దాకా, ఆపైన గుల్మార్గ్‌కి షేర్ సుమోలు దొరుకుతాయి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

స్కీలు, బూట్లు కొనొద్దు, కోర్సులో ఇవ్వకపోతే అక్కడే అద్దెకు తీసుకోండి. బూటు విషయంలో మాత్రం మొహమాటపడకండి. మోకాలు ముందుకు వంచితే పిక్క ముందరి ఎముక బూటుకు ఆనాలి, మడమ అస్సలు లేవకూడదు. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేస్తారు చాలామంది. పాదం లోపల జారి బొబ్బలెక్కుతుంది. ఒకే జత, ఉన్నివి చాలు. గ్లోవ్స్ మాత్రం నీళ్లు పట్టనివే కొనండి. కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి, చెమట పీల్చి ఒంటిని గడ్డకట్టిస్తాయి.

కొత్తవాళ్లకు కింది వాలు చాలు. అఫర్వత్ శిఖరం వైపు వెళ్లే గొండోలా (కేబుల్ కారు) రెండో దశ వాలు ఆరితేరినవాళ్లకే. నెల ముందు నుంచి రోజూ గోడకుర్చీ వేయండి, తొడలు తట్టుకుంటాయి.