సీఎంఎల్ మాత్రలకు ఆయుష్మాన్ దరఖాస్తు: పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగువారికి

రక్త క్యాన్సర్లలో సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) తీరు వేరు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ, ఇంటి పట్టునే ఉండి తమ పనులు చూసుకోగలుగుతున్నారు. బీసీఆర్-ఏబీఎల్ అనే తేడా జన్యువు వల్ల తయారయ్యే ప్రొటీన్‌ను ఈ మాత్ర అడ్డుకుంటుంది. సాధారణంగా ఏళ్ళ తరబడి వాడాలి. అందుకే కాగితాల పని కూడా ఒక్కసారితో తెమలదు.

ముందు రాష్ట్రం సంగతి తేల్చుకోండి. ఒంట్లో బాగోకపోతే ఒడిశాలో ఉండే మనవాళ్ళు శ్రీకాకుళమో విశాఖో వెళ్తారు, అక్కడ డాక్టరుతో తెలుగులో మాట్లాడొచ్చు కదా. కానీ రేషన్ కార్డు ఒడిశాదైతే ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకు వర్తించదు. చుట్టాల అడ్రసు మీద అక్కడ కార్డు తీయిద్దామనే సలహాదారులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ మాట వినకండి, ఉన్న కార్డుకే ఎసరు వస్తుంది.

మనకు వర్తించేది ఆయుష్మాన్ భారత్-గోపబంధు జన ఆరోగ్య యోజన. ఒడిశా పాత ఆరోగ్య పథకం బిజు స్వాస్థ్య కల్యాణ్ స్థానంలో 2025 ఏప్రిల్‌లో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత చికిత్స, ఇంట్లో ఆడవాళ్ళకు అదనంగా ఇంకో 5 లక్షలు. జాతీయ ఆహార భద్రత కార్డు ఉన్నా, రాష్ట్ర ఆహార భద్రత కార్డు ఉన్నా అర్హులే. డెబ్బై నిండిన పెద్దలకు ఆదాయంతో పని లేకుండా వయోవందన కార్డు విడిగా ఇస్తారు.

కార్డు కోసం రేషన్ కార్డు, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను పట్టుకుని జనసేవా కేంద్రానికో, పథకంలో ఉన్న ఆస్పత్రి హెల్ప్ డెస్కుకో వెళ్ళండి. ఆయుష్మాన్ యాప్‌లో ఇంటి దగ్గరైనా చేసుకోవచ్చు. కూలి పనులతో వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళు ఓటీపీతోనో ముఖం ఫోటోతోనో చేయించమని అడగండి. ఇంటిపెద్దకు కార్డుంటే చాలదు, రోగి పేరు మీద విడిగా ఉండాలి.

అసలు టెన్షన్ పేర్ల దగ్గర వస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా గుమస్తా దాన్ని చివర పెడతాడు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, రేషన్ కార్డులో పూర్తిగా ఉంటుంది. 'అప్పలనర్సమ్మ' ఒడియాలోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి రెండు మూడు అక్షరాలు మారిపోతాయి. రెండు చోట్లా పేరు కుదరకపోతే కంప్యూటర్ పెండింగ్‌లో పెట్టేస్తుంది. ఆస్పత్రికి బయలుదేరే ముందే ఏది తప్పో చూసి సరిచేయించండి. అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే కటక్ దాకా వెళ్ళి ఉత్త చేతులతో రావాల్సి ఉంటుంది.

పథకం కింద మందుకు అనుమతి అడగాల్సింది ఆస్పత్రి. బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష రిపోర్టు, డాక్టరు రాసిన డోసు, చికిత్స ప్రణాళిక జతచేసి వాళ్ళే ఆన్‌లైన్‌లో పంపుతారు. ఒరిజినల్ రిపోర్టులు మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, జెరాక్సులు ఇవ్వండి. కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ ఉంది. విశాఖ వైపే వెళ్ళాలనుకుంటే, ఆ ఆస్పత్రి పథకంలో ఉందా, క్యాన్సర్ మందుల విభాగానికి అనుమతి ఉందా, ఒడిశా కార్డు తీసుకుంటారా అని 14555కి ఫోన్ చేసి కనుక్కోండి. బయట షాపులో కొన్న బిల్లులకు ఈ పథకం డబ్బు తిరిగి ఇవ్వదు.

స్ట్రిప్‌లో వారం మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి విడతకు వెళ్ళండి. ఒంట్లో బాగుందని మధ్యలో సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత ఉందో కొలవడానికి మొదట్లో మూడు నెలలకోసారి చేసే పీసీఆర్ పరీక్ష రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో వరసగా పెట్టండి. ఇమాటినిబ్ పని చేయక డాసాటినిబ్‌కో నిలోటినిబ్‌కో మార్చాల్సి వస్తే కొత్త అనుమతికి అవే ఆధారం.

కార్డు వచ్చేలోపు కొనుక్కోవాల్సి వస్తే జెనెరిక్ (అదే మందును వేరే కంపెనీలు చౌకగా చేసేది) గురించి డాక్టరుగారిని అడగండి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ మందు అసలు కంపెనీ నోవార్టిస్ పేటెంట్ అప్పీలును కొట్టేసింది, దాంతో జెనెరిక్ తయారీకి అడ్డు తొలగింది. అప్పట్లో కంపెనీ మందు నెలకు లక్ష పైమాటే, జెనెరిక్ పది వేల లోపే. ఇమాటినిబ్ జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది.

రైలు రాయితీ ఫారం కూడా ఆస్పత్రిలోనే నింపించుకోండి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ మూల ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవారికి అదే బోగీలో 75 శాతం తగ్గింపు.