మేడ మీద సున్నం వేశాక

మాది విజయవాడలో పై పోర్షన్. మే నెలలో రాత్రి 11 దాటినా ఫ్యాన్ కింద వడగాలే. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రికి ఆ వేడిని గదిలోకి వదులుతుంది మరి. సాయంత్రాలు బిందెలతో నీళ్లు పోశాను. చుయ్‌మని ఆవిరి, గంటకే మళ్లీ మామూలే.

చివరికి రాతి సున్నం తెచ్చి డ్రమ్ములో రాత్రంతా నానబెట్టాను (ఉడికేటప్పుడు దగ్గరకెళ్లకండి, కళ్లలో పడితే ప్రమాదం). పాత పంచెతో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, స్లాబు ఊడ్చి, తడిపి, చీపురుతో రెండు పూతలు వేశాను. మొదట మిట్టమధ్యాహ్నం వేసింది పెచ్చులుగా లేచిపోయింది. పొద్దు వాలాక వేసిందే నిలిచింది.

ఇప్పుడు మధ్యాహ్నం కూడా మేడ మీద చెప్పుల్లేకుండా నిలబడగలుగుతున్నా. కళ్లే జిగేల్‌మంటున్నాయి. వానలకు కొంత కొట్టుకుపోతుంది, మార్చిలో మళ్లీ వేయాలి.