కాళ్ళ తిమ్మిర్లు తగ్గట్లేదా? ముందు మీ మాత్రల స్ట్రిప్పులు చూడండి

సమస్య: అరికాళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం. చెప్పు జారిపోయినా తెలియకపోవడం. కొంచెం పనికే నీరసం, నాలుక నున్నబడి మంట. నెలల తరబడి ఐరన్ మాత్రలు, టానిక్కులు వాడినా మార్పు లేదు. షుగర్ ఉన్నవాళ్ళయితే "షుగర్ తిమ్మిర్లేలే" అని ఇంట్లోవాళ్ళే తేల్చేస్తారు.

గుంటూరు కొత్తపేటకైనా, బెజవాడ సూర్యారావుపేటకైనా చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు పాత స్కానింగులన్నీ సంచిలో వేసుకొస్తారు. రోజూ మింగే మాత్రలు మాత్రం తీసుకురారు. గ్యాస్ మాత్రనైతే అసలు మందుగానే లెక్కపెట్టరు. దయచేసి ముందు అవి చూడండి.

కారణం: చాలాసార్లు విటమిన్ బి12 లోపం. నరాల పైపొర నిలవడానికి, ఎర్ర రక్తకణాలు సరిగ్గా తయారవడానికి అది ఉండాలి. గుడ్లు, చేపలు, పాలల్లో బి12 ప్రొటీన్‌కి అంటుకుని ఉంటుంది. పొట్టలో ఆమ్లం దాన్ని విడదీస్తేనే ఆ తర్వాత చిన్నపేగు చివరి భాగం పీల్చుకోగలదు. మన దగ్గర కారానికి ఛాతీలో మంట అనగానే పరగడుపున ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర, పాంటాప్రజోలో ఒమెప్రజోలో, పడాల్సిందే. కొన్ని వారాలకని రాసిచ్చిన మాత్ర ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆమ్లం చాలక బి12 సరిగ్గా విడివడదు. దానికి తోడు షుగరుకి మెట్‌ఫార్మిన్ కూడా ఉంటే, అదీ బి12ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికి ఆ మాత్రల మీద ఎవరికీ అనుమానం రాదు.

సీబీపీ (రక్తకణాలు లెక్కపెట్టే మామూలు రక్తపరీక్ష) చూసి ధైర్యం తెచ్చుకోకండి. బి12 తగ్గితే ఎర్ర రక్తకణాలు పెద్దవై, ఆ రిపోర్టులో వాటి సైజు చెప్పే ఎంసీవీ 100 దాటాలి. కానీ ఐరన్ కూడా తక్కువుంటే అది నార్మల్‌గానే కనిపించవచ్చు. ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్రే వాడితే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

పాలు, పెరుగు కూడా ముట్టని శాకాహారులకి కారణం వెతకక్కర్లేదు, తిండే. పేగు ఆపరేషన్లు, అరుదైన జబ్బుల సంగతి డాక్టరు చూసుకుంటారు.

పరిష్కారం: బి12 మాత్రలు మొదలుపెట్టకముందే రక్తపరీక్ష చేయించండి. మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల లోపుంటే లోపం ఉన్నట్టే. 200–300 మధ్య ఉండి తిమ్మిర్లుంటే డాక్టరుతో మాట్లాడాల్సిందే. నరాల లక్షణాలుంటే సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. లేనివాళ్ళలో చాలామందికి రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది. నీరసం ముందు తగ్గుతుంది, తిమ్మిర్లకి నెలలు పడుతుంది. బాగా ముదిరితే పూర్తిగా పోకపోవచ్చు.

మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు, అప్పుడప్పుడూ బి12 చూపించుకోండి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టర్ని అడగండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే మంట ఇంకా ఎక్కువ కావచ్చు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.